ముఖ్తార్‌నామా లేని ముఖ్తార్

మాది ఇబ్రహీంపట్నం. ఈ మాట అనగానే హైదరాబాదులో 'సాగర్ రోడ్డు మీదిదా?' అంటారు. కోస్తా మిత్రులైతే 'బెజవాడ పక్కదేనా?' అంటారు. రెండూ కాదు. మెట్‌పల్లిలో బస్సు దిగి ఉత్తరంగా గోదావరి దిక్కు పోతే వచ్చే ఇబ్రహీంపట్నం మాది. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. ఆ ఊళ్లో మాకో ఇల్లుంది. మేం అందులో ఉండం, కిరాయికిచ్చాం. మేమేమో హైదరాబాదులో కిరాయికుంటాం. అక్కడ మాలిక్‌లం, ఇక్కడ కిరాయిదార్లం. మా గడ్డాల గురించి, బుర్ఖాల గురించి, తలాఖుల గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు. మేం ఈ ఇంటి గురించి రాస్తాం.

ఊరి పేరులో ఇబ్రహీం ఉన్నాడు. జిల్లా పేరులో మొన్నటిదాకా కరీం ఉన్నాడు. 2018 ఎన్నికల సభల్లో కరీంనగర్‌ను కరీపురం చేస్తామన్న మాట కూడా విన్నాం. ఊళ్ల పేర్లలో మేం ఉండడమే కొందరికి కంటగింపు అయినప్పుడు, వాళ్ల మేడ మీది రెండు గదుల్లో మేం ఉంటామంటే ఏమంటారో వేరే చెప్పాలా?

టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తాం. కిరాయి ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలు, మంజీరా నీళ్లా బోరు నీళ్లా, బండి పెట్టుకోవడానికి జాగా ఉందా, అన్నీ మాట్లాడుకుంటాం. చివర్న 'పేరేంటండీ?' అంటారు. పేరు చెప్తాం. అవతల ఒక్క క్షణం చప్పుడుండదు. తర్వాత 'మాకేం పట్టింపు లేదండీ, మా అత్తమ్మ పూజలు చేసుకుంటది' అంటారు. హైదరాబాదులో టులెట్ బోర్డున్న ప్రతి ఇంట్లోనూ పూజలు చేసుకునే అత్తమ్మ ఒకరుంటుంది. అందుకే ఇప్పుడు మేం ముందుగా పేరే చెప్తున్నాం. పెట్రోలు ఖర్చన్నా మిగుల్తది.

దీనికి చట్టం ఏమన్నా ఉందా అని చూశాం. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లోకి, హోటళ్లలోకి, బావుల దగ్గరికి, రోడ్ల మీదికి రానివ్వకుండా మతం పేరుతో, కులం పేరుతో ఎవరూ అడ్డుకోగూడదని చెప్పింది. కిరాయి ఇల్లు ఆ జాబితాలో లేదు. అహ్మదాబాదులో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ తమ మతం వాళ్లనే సభ్యులుగా ఉంచుకుంటామంటే, 2005లో సుప్రీంకోర్టు అది వాళ్ల హక్కే అంది. కోరుకున్న బస్తీలో ఇల్లు కొనడానికీ కిరాయికి తీసుకోవడానికీ ముస్లింలకు కష్టంగా ఉందన్న మాట 2006లో సచార్ కమిటీ నివేదికలోకి ఎక్కింది. నివేదికలోకి ఎక్కింది గాని అత్తమ్మల దాకా చేరలేదు. మా బస్తీల్లోనూ 'ముస్లిం ఫ్యామిలీకి మాత్రమే' అన్న బోర్డులున్నాయి. వాటిని మేం వెనకేసుకు రాం. కాకపోతే ఆ బోర్డు చూసి వెనక్కి తిరిగినవాడికి మిగతా ఊరంతా తెరిచే ఉంటది.

చిత్రమేమంటే, ఇల్లు ఇవ్వనని చెప్పడానికి కూడా వాళ్లకు మా మాటలే కావాలి. కిరాయి, మాలిక్, ఖాళీ, మరమ్మతు, రసీదు, బాకీ, హామీ, జామీను, దస్తావేజు, తారీఖు. వీటిలో ఏ ఒక్కటీ సంస్కృతం నుంచి రాలేదు. 'అద్దె' అని పాఠ్యపుస్తకం రాసినా తెలంగాణ ఇల్లు కిరాయికే పోయింది. కౌలు అనే మాట చూడండి. ఖౌల్ అంటే అసలు అర్థం మాట, ఇచ్చిన మాట. మాట ఇచ్చి భూమి తీసుకునేవాడు కౌలుదారు. మాట మీద ఇల్లు నిలబడుతుందని ఈ భాష నమ్మింది. మా ఇల్లు అట్లాగే నిలబడింది.

మా ఇంటిని చూసుకునే మనిషి ఎదురింటి కాక. పద్మశాలి. ఇంట్లో మగ్గం గుంట పూడ్చి దుబాయి పోయినవాడు. 1970ల చివర నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల్లో మగవాళ్లు ఎట్లా పోయారో అట్లాగే పోయాడు, మా అబ్బాతో కలిసి, ఒకే ఏజెంటుకు పైసలు కట్టి. అక్కడ పన్నెండు మందికి ఒకటే గది. మా అబ్బాది కింది మంచం, కాకది మీది మంచం. ఆ గదిలో ఎవరేమిట్లని అడిగే అత్తమ్మ లేదు. పాస్‌పోర్టులు గుంజుకున్న కంపెనీకి అందరూ హిందీవాలాలే. నాలుగేళ్లకు కాక నడుం నొప్పితో తిరిగొచ్చాడు. అబ్బా ఇంకా చాలా ఏళ్లు ఉండిపోయాడు. అమ్మీతో మేం చదువుల కోసం హైదరాబాదు వచ్చినంక ఇంటి తాళంచెవి కాక చేతికి పోయింది.

ఆ తాళంచెవి వాళ్లింటికి పోవడం అది మొదటిసారి కాదు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు మా దాదా దాదీని, పిల్లల్ని తీసుకొని రాత్రికి రాత్రి పట్నం పోయాడు. ఆ తర్వాతి రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ ఘోరం జరిగిందని రాసింది. ఆ రిపోర్టును ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మా దిక్కు అంత జరగలేదు గాని భయం అంతటా ఒకటే. దాదా లేని నెలల్లో కాక తండ్రి మా అరుగు మీద పడుకున్నాడు. సందేళ దీపం పెట్టేవాడు. ఎవరన్నా వచ్చి అడిగితే 'ఇల్లు నేను కొన్న' అనేవాడు. కొనలేదు. దాదా తిరిగొచ్చిన రోజు తాళంచెవి చేతిలో పెట్టి, గాదెలో మిగిలిన జొన్నల లెక్క చెప్పాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్క లేదు.

ఇంటికి తాళం వేసి పోవడమంటే మా వాళ్లకు మామూలు పని కాదు. 1950లో కాందిశీకుల ఆస్తుల చట్టం వచ్చింది. ఇల్లుగలవాడు పాకిస్తాన్ పోయాడని తేలితే ఇల్లు కస్టోడియన్ చేతికి పోతుంది. కస్టోడియన్ అంటే సర్కారు పెట్టిన ఇల్లు చూసుకునే మనిషి. అతను కిరాయి వసూలు చేస్తాడు, మరమ్మతు చేయిస్తాడు, కాని అసలు మనిషికి తాళంచెవి ఇవ్వడు. పట్నం పోయినోడు పట్నంలోనే ఉన్నాడా, కరాచీ దాటిండా అన్న గుసగుసకే ఆ రోజుల్లో ఇళ్లకు గండం. ఆ చట్టం 2005లో రద్దయింది గాని 1968 నాటి శత్రు ఆస్తుల చట్టం ఉంది. 2017లో దాన్ని ఇంకా బిగించి వారసులకు దారి మూసేశారు. మా కుటుంబంలో ఎవరూ ఏ దేశమూ దాటలేదు, గల్ఫుకు తప్ప. అయినా ఇంట్లో దీపం లేకపోతే మా అమ్మీకి నిద్ర పట్టదు. ఇల్లు కిరాయికివ్వాలన్న ఆలోచన పైసల కోసం మొదలు కాలేదు. దీపం కోసం మొదలైంది.

మా వాళ్లు ఇట్లాంటి అప్పగింతను అమానత్ అంటారు. హిజ్రత్ రాత్రి ప్రవక్త మక్కా విడిచిపోతూ హజ్రత్ అలీని వెనక ఉంచాడని చెప్తారు, తన దగ్గర దాచుకున్నవాళ్ల సొమ్ము తిరిగి ఇచ్చి రమ్మని. దాచుకున్నవాళ్లలో ఆయన్ను చంపజూసిన కబీలా వాళ్లూ ఉన్నారు. కాకకు ఈ కథ తెలియదు. కాక తండ్రికి అంతకన్నా తెలియదు.

పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఇల్లు చూసుకోవడం అనేది చెప్పినంత తేలిక కాదు. పాత ఇంట్లో మూడు గదులు, ఒక దాలాన్, పెంకల కప్పు. 1987లో అబ్బా పంపిన పైసలతో పక్కన స్లాబు వేసిన రెండు గదులు లేచాయి. అంటే రెండు వాటాలు. ప్రతి నెల అయిదో తారీఖున కిరాయి వసూలు చేయాలి. కరెంటు బిల్లు ఎవరి మీటరు వాళ్లది, బోరు మోటారు బిల్లు మాత్రం సగం సగం, కొట్లాటంతా దాని దగ్గరే. పంచాయతీకి ఇంటి పన్ను కట్టి రసీదు దాచాలి. వానలకు ముందు పెంకలు సర్దించాలి. కోతులు మళ్లీ వారానికే పీకేస్తాయి. ఈ పదిహేనేళ్లలో ఊళ్లల్లో కోతుల బాధ ఎట్లుందో పల్లెల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందరిలాగే మాదీ పదకొండు నెలల కాగితం. పదకొండు నెలలు కాగానే కొత్త స్టాంపు కాగితం కోసం మెట్‌పల్లి పోయేది కూడా కాకే.

ఈ పనికి కాక పైసలు తీసుకోనన్నాడు. అబ్బా ఉన్నన్ని రోజులు టేప్‌రికార్డరో, కంబళో తెచ్చి ఇచ్చి సరిపెట్టాడు. మాకది నచ్చలేదు. ప్రేమ పేరు చెప్పి పని చేయించుకోవడం మాలిక్‌లకు పాత అలవాటు, హిందువులకైనా ముస్లింలకైనా. ఏడాదికి ఒక నెల కిరాయి నీదే అని తేల్చేశాం. రెండేళ్లు తీసుకోలేదు, మూడో ఏడాది మనవరాలి ఫీజు కట్టాల్సి వచ్చి తీసుకున్నాడు. అప్పటి నుంచి లెక్క బుక్కులో ఆ నెల ఎదురుగా 'నాది' అని రాసుకుంటాడు.

1994లో అబ్బా దుబాయి కాన్సులేటులో సంతకం చేసి ముఖ్తార్‌నామా పంపిద్దామనుకున్నాడు. అట్లా వచ్చిన కాగితాన్ని మన దేశం చేరిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించుకోవాలి, అప్పుడే అది చెల్లుతుంది. కాక వద్దన్నాడు. క్యాసెట్‌లో గొంతు నింపి పంపాడు: 'కాయితమెందుకు భాయ్. కాయితముంటే రేపు నేను సచ్చినంక నా కొడుకులు పట్టుకుంటరు. ఏం లేకపోతే ఏం ఉండది.' ఆ క్యాసెట్ ఇప్పటికీ మా దగ్గరుంది. ఉట్టి ముఖ్తార్‌నామా చూపించి ఇల్లు తనదనడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లో గట్టిగా చెప్పింది. అంతకు పదిహేడేళ్ల ముందే కాక చెప్పాడు.

దర్వాజ మీద 786 పలక ఉంటది. 1992 డిసెంబరులో కాక ఉత్తరం రాయించాడు, తీసెయ్యమంటే తీసేస్తానని, ఉంచుమంటే ఉంచుతానని. అబ్బా ఉంచుమన్నాడు. ఉంది. దాని కిందనే కిరాయిదార్లు ఉగాదికి మామిడి తోరణం కడతారు. మొదటిసారి కట్టేటప్పుడు కాక ఫోన్ చేసి అడిగాడు. తులసి కోట కట్టుకుంటామన్నప్పుడూ అడిగాడు. మేం అన్నది ఒకటే, గోడకు నిమ్ము పట్టకుండా కట్టుకోమని.

కిరాయిదార్ల గురించి రెండు సంగతులు చెప్తాం. స్లాబు వాటాలో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడి కుటుంబం ఉండేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూసేశారు, బోధన్‌ది, ముంబోజిపల్లిది కూడా. జీతాల్లేవు. కిరాయి ఏడు నెలలు ఆగింది. కాక ఫోన్‌లో 'ఖాళీ జెయ్యమనుమంటారా?' అన్నాడు, అనమన్నట్టు కాదు, అనొద్దని మేమే చెప్పాలన్నట్టు. సగం కిరాయి చేసి, పాత బాకీ తర్వాత చూద్దామన్నాం. అతను చివరికి మస్కట్ పోయాడు. అతని భార్య బీడీలు చుట్టి నెలకింత అని బాకీ మొత్తం కట్టింది, వద్దన్నా వినకుండా.

రెండో సంగతి అంత సాఫీగా పోలేదు. 2011లో పాత వాటా ఖాళీ అయ్యింది. బదిలీ మీద వచ్చిన ఒక మాస్టారు అడిగాడు. భార్య, ఇద్దరు పిల్లలు. మాదిగవాళ్లు. కాక ఫోన్ చేసి, 'మాస్టరు మంచోడే గని వాడకట్టోళ్లు ఒప్పుకుంటలేరు' అన్నాడు. కాక గొంతులో వాడకట్టు ఎంతుందో కాక ఎంతున్నాడో మాకు తెలిసింది. అదే సమయంలో మా ఖాలా ఒకామె, 'వాళ్లు పంది తింటారు, ఆ గిన్నెలు కడిగిన నీళ్లు మన సహన్‌లో పారాల్నా?' అంది. ఖాలా కొడుకు ఆ నెలలోనే హైదరాబాదులో పేరు చెప్పి రెండిళ్లు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి గుర్తుచేస్తే 'అది వేరు' అంది. ఏం వేరు? మాకు ఇల్లు ఇవ్వనివాడి అత్తమ్మ మా ఖాలా రూపంలో మా దాలాన్‌లోనే కూర్చుంది. ఇయ్యమన్నాం. కాక ఇచ్చాడు.

ఇచ్చాక అక్కడ ఏం జరిగిందో మాకు మూడు నెలల దాకా తెలియదు. వాడకట్టులో పెండ్లి పత్రిక కాక ఇంటికి రాలేదు. చిన్నమ్మ నల్లా దగ్గరికి పోతే బిందెలు పక్కకు జరిగాయి. 'తురకోళ్ల ఇల్లుకు కాపలా కుక్కవు' అని ఒక కుర్రాడు మొఖాన్నే అన్నాడు, ఆ మాట అన్నవాడిని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకొని తిప్పిన మనిషిని. ఒకరాత్రి కాక ఫోన్ చేశాడు. 'మీరు ఫోను వెట్టేస్తరు బేటా. నేను తెల్లారి దర్వాజ దీస్తె ఆళ్ల మొకాలే సూడాలె' అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. మేం చెప్పింది న్యాయమే, ఇప్పటికీ అదే చెప్తాం. కాని ఆ న్యాయానికి నెల నెలా కిరాయి కడుతున్నది కాక. దూరాన ఉండే ఇంటిగలవాడికి సిద్ధాంతం ఉంటది, దగ్గర ఉండి చూసుకునేవాడికి పక్కిల్లు ఉంటది. ఆ ఆదివారమే ఊరికి పోయాం. మాస్టారు ఇంట్లో అన్నం తిన్నాం. కాక, చిన్నమ్మ కూడా కూర్చున్నారు, తలుపులు తెరిచే ఉంచాం. వాడకట్టు పెద్దలిద్దరితో మాట్లాడాం. ఒకాయన 'ఇల్లు మీది, మేమెవరం' అన్నాడు. ఆ మాట అంత సుళువుగా మమ్మల్ని బయటివాళ్లను చేసింది. మాస్టారు నాలుగేళ్లున్నాడు. చివరి రెండేళ్లు వాడకట్టు పిల్లలు ఆయన దగ్గరే లెక్కలు చెప్పించుకున్నారు. పెండ్లి పత్రికలు కాకకు మళ్లీ వచ్చాయి. మాస్టారుకు ఒకటీ రాలేదు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. ఆ ఒక్కరోజు లెక్కలో ఎక్కాలని హైదరాబాదు సగం ఊళ్లకు కదిలింది. కాక వారం ముందు నుంచి ఫోన్లు, 'ఈడికొచ్చి రాయించుకోండ్రి' అని. మా పిల్లల బడి, రేషను, అన్నీ పట్నంలో. పట్నంలోనే రాయించుకున్నాం. ఊళ్లో మా ఇంటి నంబరు ఎదురుగా కిరాయిదార్ల పేర్లు ఎక్కాయి. 'ఇగ ఊర్లె మీ పేరు లేదు' అన్నాడు కాక. కోపంగా అనలేదు.

కాని పేరు ఉంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, తాత ముత్తాతల కాగితాలు వెతుక్కోవాల్సిన రోజులు దాపురించాయని మా బస్తీలన్నీ వణికాయి. అసెంబ్లీ 2020 మార్చి 16న వద్దని తీర్మానం చేసింది, సంతోషమే, కాని భయం తీర్మానంతో పోదు. మేం కాకను అడగలేదు. తానే ఇనుప పెట్టె తీసి చూశాడు. అందులో మా దాదా పేరుతో ఇంటి పన్ను రసీదులు, కొన్ని ఉర్దూలో ఉన్నవి. కాకకు ఉర్దూ చదవరాదు. మా పిల్లలకూ రాదు. ఏమున్నదో తెలియకుండానే వాళ్ల నాన్న దాచాడు, తర్వాత కాక దాచాడు. ప్లాస్టిక్ కవరులో చుట్టి బస్సెక్కి తెచ్చి ఇచ్చాడు. మేం ఈ మట్టి వాళ్లమని రుజువు చూపించే కాగితం ఒక పద్మశాలి ఇంట్లో బట్టల కింద ఉంది.

ఇప్పుడు కాకకు డెబ్బయి అయిదు దాటాయి. మోకాళ్లు లేవడం లేదు. కొడుకులిద్దరూ గల్ఫులోనే. కిరాయి ఫోన్‌పేలో నేరుగా మాకే వస్తుంది గాని కోతుల్ని ఫోన్‌పే తోలదు. 'ఇగ నాతోని గాదు, వేరే మనిషిని సూసుకోండ్రి' అన్నాడు. మెట్‌పల్లిలో గల్ఫు వాళ్ల ఇళ్లు చూసిపెట్టే ఏజెంటు ఒకతను దొరికాడు. మర్యాదస్తుడు. ఏడాదికి ఒక నెల కిరాయి తీసుకుంటాడు, మరమ్మతుకు ముందు ఫోటో, తర్వాత ఫోటో పంపుతాడు, పన్ను రసీదులు వాట్సాప్‌లో పెడతాడు. అన్నీ రాతపూర్వకం. మాకు అదీ నచ్చింది.

ఒప్పందం మా ఇంటి దాలాన్‌లోనే రాసుకున్నాం. అతను అచ్చు వేయించుకున్న ఫారంలో ఒక గడి ఉంది, 'ఎవరికి ఇవ్వవచ్చు' అని. పెన్ను పట్టుకొని, 'మీవాళ్లకేనా సార్, అందరికీ నడుస్తదా?' అన్నాడు. 'ఎస్సీలకు?' అని మెల్లగా కలిపాడు. ఆ గడి కొట్టెయ్యమన్నాం. 'కొట్టేస్తే తర్వాత లొల్లి అయితది సార్, ఓనర్లందరూ రాయిస్తరు' అన్నాడు. లొల్లి అయితే నువ్వు ఒక్కడివే పడొద్దు, మాకు చెప్పు, ఆ దినమే బస్సెక్కి వస్తామన్నాం. ఆ మాట కూడా ఫారంలో రాయమన్నాం. అతను నవ్వి, ఏ గడిలో రాయాలో తెలియక, వెనక పేజీ మీద రాశాడు.

సాక్షి సంతకం కాక పెట్టాడు. లెక్క బుక్కులు పదకొండు అప్పగిస్తూ, బోరు మోటారు బిల్లు సంగతి అతనికి విడిగా చెప్పడం మొదలుపెట్టాడు.